ఊపిరి లెక్క మనమే రాసుకోవాలి

(కృష్ణపట్నం దళితవాడలో జరిగిన ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ అరుగు మీద మనం భూమి గురించి మాట్లాడుకున్నాం. కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. శ్మశానం దారి గురించి మాట్లాడుకున్నాం. తాగే నీళ్ళ గురించి ఎన్ని సభలు పెట్టుకున్నామో లెక్కే లేదు. గాలి గురించి మాత్రం ఒక్క సభ కూడా పెట్టుకోలేదు. గాలికి పట్టా ఉండదు, గట్టు ఉండదు, కుళాయి ఉండదు. కాబట్టి అది అందరికీ సమానంగా అందుతుందిలే అనుకున్నాం. నిజంగా అందుతా ఉండాదా? రాత్రి రెండు గంటలప్పుడు వాడలో ఒకసారి నడిచి చూడండి. ఏ ఇంట్లో ముసలాయన మంచం మీద కూచొని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఎగపోస్తా ఉంటాడో, ఏ ఇంట్లో పిలకాయ గుండెలో పిల్లికూతలు వినిపిస్తా ఉంటాయో మనకందరికీ తెలుసు. పొద్దున్నే లేచి "చలిగాలికి పడిశం పట్టింది" అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. కూలి మనిషి పనిలోకి పోలేకపోతే ఆ రోజు కూలి పోతుంది. పిలకాయ బడికి రాకపోతే హాజరుపట్టీలో గైర్హాజరు అని పడుతుంది. ఎందుకు రాలేదో మాత్రం ఏ పట్టీలోనూ ఉండదు.

మేం ఈ రోజు చెప్పదలుచుకున్నది ఇది. ఉబ్బసమూ అలర్జీ మన ఖర్మ కాదు, పోయిన జన్మ పాపం అంతకన్నా కాదు. వాటికి కారణాలుండాయి, మందులుండాయి, అదుపులో పెట్టుకునే పద్ధతులుండాయి. ఆ కారణాలు కనిపెట్టాలన్నా, ఆ మందులు సర్కారు దగ్గర రాబట్టాలన్నా మన ఊపిరి లెక్క మనమే రాసుకోవాలి. వేరేవాళ్ళెవరూ వచ్చి రాయరు.

అలర్జీ అంటే ఏంది?

మన ఒంట్లో కాపలా కాసే బలగం ఒకటుంది. రోగక్రిములు లోపలికి వస్తే వాటితో కొట్లాడేది అదే. కొందరి ఒంట్లో ఈ కాపలా దొంగను చూసినా అరుస్తుంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినా అరుస్తుంది. పూల పుప్పొడి, ఇంట్లో దుమ్ము, గోడ మీద బూజు మాదిరి మామూలుగా ఏమీ చేయని వాటిని శత్రువులనుకొని లేచి పోట్లాడుతుంది. ఆ పోట్లాటే అలర్జీ. 1906లో వియన్నా నగరంలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు దీనికి ఆ పేరు పెట్టాడు. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాను శాస్త్రవేత్తలు, ఇషిజాకా దంపతులు, దీనికి కారణమైన 'ఐజీఈ' అనే పదార్థాన్ని రక్తంలో కనిపెట్టారు. అంటే ఇది గాలో ధూళో చేతబడో కాదు, రక్తంలో కొలవగలిగిన విషయం.

ఈ పోట్లాట ముక్కులో జరిగితే తుమ్ముల మీద తుమ్ములొస్తాయి, ముక్కు కారతుంది, మూసుకుపోతుంది, కళ్ళు దురదపెడతాయి. ఊపిరి గొట్టాల్లో జరిగితే మూడు సంగతులు జరుగుతాయి. గొట్టం లోపలి పొర వాస్తుంది. గొట్టం చుట్టూ ఉన్న కండ బిగుసుకుంటుంది. జిగురు కఫం అడ్డం పడుతుంది. దారి సన్నమైపోతుంది. ఆ సన్నటి సందులో గాలి దూరినప్పుడు ఈల మాదిరి వచ్చే చప్పుడే పిల్లికూత. దీన్నే ఉబ్బసం అంటాం, డాక్టర్లు ఆస్తమా అంటారు. ముక్కూ ఛాతీ ఒకే దారిలో రెండు మజిలీలు. ఏళ్ళ తరబడి తుమ్ములతో బాధపడే మనిషిని "వాడికి మామూలే" అని వదిలేస్తే, అందులో చాలామందికి ఆ జబ్బు ఛాతీలోకి దిగుతుంది. కాబట్టి ముక్కు దగ్గరే పట్టించుకోవాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఉబ్బసం అంటుకోదు. ఉబ్బసం మనిషి తాగిన గ్లాసులో తాగితే రాదు, పక్కన పడుకుంటే రాదు. 'అంటు' అనే మాటతో ఈ దేశంలో ఏం చేశారో మనకు చెప్పాల్సిన పనిలేదు. పీష్వాల పూనాలో మన జనం ఉమ్మి నేల మీద పడితే మైల అని మెడలో ముంత కట్టించారు. ఆ సంగతి బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. మన ఊపిరి సోకితే మైల అన్న సమాజంలో పుట్టి, ఆయాసపడే సొంత తల్లికి మనమే వేరే కంచం పెట్టడం సిగ్గుచేటు.

మన ఇంట్లో ఏవి రేపుతాయి?

కుటుంబంలో ఉంటే పిలకాయలకు వచ్చే అవకాశం ఎక్కువ. కానీ నిప్పు పడనిదే గడ్డి అంటుకోదు. ఆ నిప్పులేవో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది మన బొంత, దిండు, చాప. కంటికి కనపడని పురుగులు, మిల్లీమీటరులో మూడోవంతు ఉండేవి, వాటిలో కాపురం ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. కుట్టవు, కరవవు. వాటి రెట్ట పొడి ముక్కులోకి పోతేనే అలర్జీ. ఇంటి దుమ్ములో అసలు దోషి ఇవేనని 1964లో హాలెండు శాస్త్రవేత్తలు తేల్చారు. గాలిలో తేమ ఎక్కువుంటే ఇవి బాగా పెరుగుతాయి. సముద్రం పక్కన, ఉప్పుటేటి పక్కన బతికే మనకు తేమకు కరువేముంది! వారానికోసారి దుప్పట్లు, దిండు గలీబులు చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో నానేసి ఉతకాలి. బొంతలు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసి, ఇంటికి దూరంగా దులపాలి. దులిపేది ఉబ్బసం మనిషి కాకూడదు. ఇల్లు ఊడ్చే ముందు నీళ్ళు చిలకరించాలి, లేదా తడిగుడ్డతో తుడవాలి.

రెండోది బూజు. మన నెల్లూరు తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పల్లంలో కట్టిన కాలనీ ఇళ్ళ గోడలు ఆ మూడు నెలలూ చెమ్మ పీల్చి నల్లబడతాయి. పాత తాటాకు కప్పు కూడా అంతే. నల్లబడిన చోట కడిగి సున్నం కొట్టాలి, ఎదురెదురు కిటికీలు తెరిచి పెట్టాలి. కిటికీయే లేని ఇల్లు కట్టించి ఇచ్చినవాళ్ళను అడగాల్సింది వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

మూడోది పుప్పొడి. సరుగుడు తోటలు, ఊరి చుట్టూ పెరిగిన చిల్లకంప, బీళ్ళలో వయ్యారిభామ. ఈ మూడింటి పుప్పొడీ అలర్జీ రేపుతుంది. వయ్యారిభామ పూతకు రాకముందే చేతులకు గుడ్డ చుట్టుకొని పీకెయ్యాలి. వడ్లు తూర్పారపట్టేటప్పుడు లేచే సుంకు కూడా ఇలాంటిదే. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి, గాలికి ఎదురు నిలబడవద్దు.

నాలుగోది బొద్దింక. దాంతో పాటు రొయ్య. వింతగా ఉంటుంది కానీ, రొయ్యలోనూ బొద్దింకలోనూ బొంతలో పురుగులోనూ ఒకే జాతి మాంసకృత్తు ఉంది. అందుకే ఒకదానికి పడనివాళ్ళలో కొందరికి మిగతావీ పడవు. రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసే అక్కచెల్లెళ్ళకు పనిలోకి పోయినప్పుడు ఛాతీ పట్టేసి, సెలవు రోజున తగ్గితే అది పని తెచ్చిన జబ్బేమోనని అనుమానించాలి.

అయిదోది పొగ. కట్టెల పొయ్యి, బీడీ, చుట్ట, కాలబెట్టిన చెత్త, భోగి మంటలో వేసే పాత టైర్లు, ఇంటింటా దోమల చుట్ట. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నటి పొడి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. తలుపులు బిగించుకొని, పసిబిడ్డ తల దగ్గర దాన్ని పెట్టి పడుకుంటా ఉండాం! దోమతెర కట్టండి. గ్యాసు బండ ఉన్న ఇంట్లో కూడా కూలి దొరకని నెలలో మళ్ళీ కట్టెలకే పోతారని మాకు తెలుసు. అప్పుడైనా పొయ్యి బయట పెట్టండి, పొయ్యి దగ్గర పిలకాయలను కూచోబెట్టవద్దు.

పథ్యం గురించి కూడా ఒక మాట. ఆయాసం అనగానే పెరుగు మానెయ్, అరటిపండు మానెయ్, పెద్దమాంసం మానెయ్ అంటారు. ఏదైనా ఒక తిండి తిన్న ప్రతిసారీ దద్దుర్లో ఆయాసమో వస్తుంటే దాన్ని మానాలి, నిజమే. రాకపోతే మానాల్సిన అవసరం లేదు. అసలే చాలీచాలని కూడు. అందులో బలమున్న తిండిని పథ్యం పేరుతో తీసేస్తే మిగిలేది నీరసమే.

మందు సంగతి

మేం వాడలు తిరిగినప్పుడు అన్ని చోట్లా విన్న మాట ఒకటే: "పంపు అలవాటైతే చచ్చేదాకా వదలదంట కదా?" పీల్చే మందును మనవాళ్ళు పంపు అంటారు. ఆ మాట తప్పు. పీల్చే మందు రెండు రకాలు. ఒకటి బిగుసుకున్న కండను సడలించేది. సాల్బుటమాల్ అంటారు, ఎక్కువగా నీలం రంగు పంపులో వస్తుంది. నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది కానీ వాపును తగ్గించదు. రెండోది లోపలి వాపును తగ్గించేది. బ్యుడెసొనైడ్ మాదిరివి. దీన్ని ఆయాసం లేని రోజు కూడా, డాక్టరు చెప్పినన్నాళ్ళు తీసుకోవాలి. మనం చేసేదేంది? ఆయాసం వచ్చినప్పుడు నీలం పంపు కొట్టడం, తగ్గగానే అన్నీ పక్కన పడేయడం. లోపల వాపు అట్నే ఉంటుంది. ఏదో ఒక రాత్రి ఒక్కసారిగా ముంచుతుంది. 2019 నుంచి ప్రపంచ ఆస్తమా నిపుణుల మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి: నీలం పంపు ఒక్కదాని మీదే బతకవద్దు, వాపు తగ్గించే మందు తప్పక ఉండాలి.

పంపు వద్దన్న మనిషే ఆయాసం సూది వేయించుకుంటాడు, రంగు బిళ్ళలు మింగుతాడు. ఆ బిళ్ళల్లో ఎక్కువ భాగం స్టెరాయిడ్లే. పంపులో ఒక విడత బ్యుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరినప్పుడు మింగించే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు. తూకం వేస్తే రెండువందల రెట్లు! ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టరు అయిదు రోజులో వారమో ఇస్తే అది ప్రాణం నిలిపే మందు. నెలల తరబడి చీటీ లేకుండా కొనుక్కొని మింగితే మొహం ఉబ్బుతుంది, చక్కెర వస్తుంది, బీపీ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. కానీ జాగ్రత్త! చాలాకాలంగా మింగుతున్నవాళ్ళు ఈ మాట విని రేపే మానేయకూడదు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు దగ్గరికి పోయి మెల్లగా తగ్గించుకోవాలి.

చిన్నపిల్లలకు, ముసలివాళ్ళకు పంపు నేరుగా నోట్లో కొడితే మందు గొంతులోనే ఆగిపోతుంది. మధ్యలో ఒక గొట్టం, స్పేసర్ అంటారు, ఉండాలి. అది కొనలేకపోతే అర లీటరు నీళ్ళ సీసా చాలు. సీసా అడుగున పంపు మూతి పట్టేంత బొక్క చేసి, గాలి పోకుండా చుట్టూ బిగించాలి. సీసా మూతి దగ్గర పిలకాయ నోరు పెట్టి మెల్లగా అయిదారు సార్లు పీల్చి వదలాలి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ డాక్టర్లు 1999లో ఈ సీసాను కొనే స్పేసర్‌తో పోల్చి చూసి, అంత బాగానే పనిచేస్తుందని చూపించారు. సీసాను సబ్బు నీళ్ళతో కడిగి, తుడవకుండా ఆరనివ్వాలి. వాపు మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

ఇక ప్రమాదం గుర్తులు వినండి. ఒక్క మాట కూడా పూర్తిగా పలకలేకపోవడం, పిలకాయకు డొక్కలెగరేయడం, పెదాలు నీలంగా మారడం, మగతగా పడిపోవడం. అంతదాకా ఈల వేసిన ఛాతీ ఆయాసం తగ్గకుండానే నిశ్శబ్దమైపోతే అది అన్నింటికన్నా ప్రమాదం. ఇవి కనపడితే మనిషిని పడుకోబెట్టవద్దు, కూచోబెట్టండి. నీలం పంపు ఒక్కొక్కటిగా నాలుగు సార్లు స్పేసర్‌తో పీల్పించండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా తగ్గకపోతే మళ్ళీ పీల్పించండి. తెల్లారనీలే అనుకుంటే తెల్లారేసరికి మనిషి ఉండకపోవచ్చు.

2019లో ప్రపంచంలో 26 కోట్ల 20 లక్షల మందికి ఆస్తమా ఉందని, 4 లక్షల 55 వేల మంది దాంతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం. చావుల్లో మాత్రం సుమారు 42 శాతం! జబ్బు అందరికీ వస్తుంది, చావు ఎక్కువగా మనకెందుకు వస్తోంది? పీల్చే మందు అందనందుకు. అందినా వాడే పద్ధతి ఎవరూ చెప్పనందుకు.

క్యూల గురించి

ఊపిరి కోసం జనం ఎంత తపిస్తారో మన ఊరికి తెలిసినంతగా ఏ ఊరికీ తెలియదు. 2021 మే నెలలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఈ కృష్ణపట్నం దారి పట్టారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరీక్షలు చేయించి, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. హాని లేదన్నారు గానీ కరోనాను తగ్గిస్తుందనే ఆధారం ఉందనలేదు. హైదరాబాదులో ఏటా మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించే చోటికి కూడా ఉబ్బసం జనం వేలల్లో పోతారు. దానికీ శాస్త్రీయ రుజువు లేదు. పోయినవాళ్ళను మేం ఎగతాళి చేయం. ఆసుపత్రిలో మంచం దొరకనివాడు, ఆక్సిజన్ దొరకనివాడు ఎక్కడ ఆశ ఉంటే అక్కడికి పోతాడు. మేం అడిగేది ఒక్కటే. ఉబ్బసం రోజూ ఉండే జబ్బు. ఏడాదికొకసారి క్యూలో నిలబడితే తీరేది కాదు. యాడికి పోయినా సరే, ఇంట్లో వాడుతున్న పంపు మాత్రం ఆపవద్దు. ఆ క్యూలో నిలబడిన ఓపికతోనే సర్కారు ఆసుపత్రి ముందు మందు కోసం నిలబడదాం. 2022లో కేంద్రం ప్రకటించిన జాతీయ అత్యవసర మందుల జాబితాలో సాల్బుటమాల్, బ్యుడెసొనైడ్ పీల్చే మందులు రెండూ ఉన్నాయి. మనం దయ అడగడం లేదు, జాబితాలో ఉన్నదే అడుగుతున్నాం.

ఆయాసమంతా అలర్జీ కాదు

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు క్షయ పరీక్ష. గళ్ళ పరీక్షా మందులూ సర్కారు ఆసుపత్రిలో ఉచితం. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ, బీడీ పొగ పీల్చినవాళ్ళకు పెద్ద వయసులో వచ్చే ఆయాసం వేరు. గూడూరు పలుగురాయి, అభ్రకం గనుల్లోనో, చిల్లకూరు, కోట వైపు ఇసుకలోనో పొడిదుమ్ములో పనిచేసినవాళ్ళకు వచ్చేది సిలికోసిస్ కావచ్చు. అది ఊపిరితిత్తులను గట్టిబరుస్తుంది, వెనక్కి తిప్పే మందు లేదు. కాబట్టి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయాసం వస్తోందని చెప్పి ఊరుకోవద్దు. "నేను ఫలానా చోట, ఇన్నేళ్ళు, ఫలానా పని చేశాను" అని చెప్పి చీటీలో రాయించుకోండి.

వాకిలి దాటి చూద్దాం

ఇప్పటిదాకా బొంత ఉతకండి, పొయ్యి బయట పెట్టండి అని చెప్పాం. ఇంతటితో ఆపితే మేం కూడా ఆ పెద్దమనుషుల్లో చేరిపోయినట్టే. "మీరు శుభ్రంగా ఉండరు, అందుకే మీకు రోగాలు" అని తరతరాలుగా అన్నవాళ్ళు వాళ్ళే కదా. అంటరానివాళ్ళ పేటలు ఊరికి దక్షిణాన ఉండాలని, ఆ దిక్కు అశుభమని, హిందూ సమాజం నియమం పెట్టిందని అంబేద్కర్ రాశాడు. ఎక్కడ ఉండాలో మనం ఎంచుకోలేదు. ఏ గాలి మన మీదికొస్తుందో కూడా మనం ఎంచుకోలేదు.

మన చుట్టూ ఏముందో చూడండి. 2008లో ఇక్కడ ప్రైవేటు ఓడరేవు మొదలైంది. ఓడల్లో బొగ్గు దిగుతుంది. పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రం. 800 మెగావాట్లవి రెండు యూనిట్లు 2015లో నడకకొచ్చాయి, మూడోది 2022 అక్టోబరులో ప్రారంభమైంది. మొత్తం 2400 మెగావాట్లు. ఆ కేంద్రానికి పెట్టిన పేరు దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో పుట్టిన మన బిడ్డ, 1960లో ఈ దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయినవాడు. ఆయన పేరు బోర్డు మీద చూస్తే గర్వపడతాం. ఆ పేరుకు తగ్గట్టు చుట్టుపక్కల వాడల ఊపిరికి కూడా లెక్క చెప్పమని అడిగే హక్కు మనకుంది.

సైన్సు మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. బొగ్గు పొడి పుప్పొడి మాదిరి అలర్జీ పుట్టించే పదార్థం కాదు. అది ఒరిపిడి. ముందే వాచిన గొట్టం మీద గరుకు పొడి పడితే ఉబ్బసం ఎగదోస్తుంది. పుండు మీద కారం చల్లినట్టు. మన దేశపు బొగ్గు 100 కిలోలు కాలిస్తే 30 నుంచి 45 కిలోల బూడిద మిగులుతుంది. పొగలో గంధకపు వాయువు ఉంటుంది, అది కూడా గొట్టాలను బిగిస్తుంది. ఆ వాయువును తగ్గించే యంత్రాలు పెట్టాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. గడువులు పొడిగిస్తూ పోయి, 2025 జూలైలో దేశంలోని ఎక్కువ థర్మల్ కేంద్రాలకు ఆ యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. పెద్ద నగరాల పక్కన ఉన్నవాటికి మాత్రం మినహాయింపు లేదు. నగరం ఊపిరికి ఒక ధర, పల్లె ఊపిరికి ఒక ధర!

ఇక్కడ ఫలానా వాళ్ళదే తప్పని ముందే తీర్పు చెప్పడానికి మేం రాలేదు. తీర్పుకు సాక్ష్యం కావాలి. సాక్ష్యం ఎట్లా వస్తుందో స్పెయిన్ దేశం బార్సిలోనా చెబుతుంది. అది కూడా రేవు పట్నమే. 1981 నుంచి 1987 దాకా 26 రోజులు, ఉన్నట్టుండి ఒకే రోజున గుంపులు గుంపులుగా జనం ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు. ఆ దెబ్బ తిన్నవాళ్ళు 600 మంది పైనే. ఎందుకో ఎవరికీ తెలియలేదు. ఆంటో అనే డాక్టరూ ఆయన సహచరులూ ఆసుపత్రుల చిట్టాల్లో తేదీలు తీశారు. రోగుల ఇళ్ళు పటం మీద గుర్తుపెట్టారు. అవి రేవు వైపు గుమిగూడాయి. తర్వాత రేవులో ఓడల చిట్టా తీసి పక్కన పెట్టి చూశారు. ఆయాసం రోజులకూ సోయాచిక్కుళ్ళు దించిన రోజులకూ సరిపోయింది. సోయా పొట్టు పొడి అలర్జీ రేపింది. ఒక గిడ్డంగికి పొడిని పట్టే వడపోత సంచులు లేవు. అవి బిగించాక ఆ గుంపు ఆయాసాలు ఆగిపోయాయి. రెండు చిట్టాలు పక్కపక్కన పెడితే ఒక నగరం ఊపిరి పీల్చుకుంది!

ఓడల చిట్టా వాళ్ళ దగ్గరుంది. మన చిట్టా ఏది?

ఊపిరి పుస్తకం

అందుకే ప్రతి వాడలో ఒక ఊపిరి పుస్తకం పెడదాం. రెండు వందల పేజీల నోటు పుస్తకం చాలు. అడ్డగీతలు కొట్టి రాయాల్సినవి ఇవి: తేదీ, వేళ, మనిషి వయసు, తుమ్ములా దగ్గా పిల్లికూతలా, ఆ రోజు చేసిన పని, గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, పొడిగానీ పొగగానీ వాసనగానీ ఉందా, నీలం పంపు ఎన్నిసార్లు కొట్టారు, ఆ రోజు కూలి పోయిందా, బడి పోయిందా. ఎనిమిదో తరగతి పిలకాయలు రాయగలరు. రాయడం రానివాళ్ళు చెబితే వాళ్ళు రాస్తారు. పేర్లు బయటికి రానివ్వవద్దు, ఇంటికొక నంబరు పెట్టండి. ఒక తెల్లగుడ్డ డాబా మీద బిగించి కట్టి, వారానికోసారి తీసి, తేదీ రాసి దాచండి. దానితో పొడి ఎంతో కొలవలేం. వచ్చి కొలవండి అని అడగడానికి మాత్రం అది చాలు.

ఈ పుస్తకం ముందు మనకే పనికొస్తుంది. దుప్పటి మార్చిన రాత్రి ఆయాసం తగ్గిందా, రొయ్యల షెడ్డుకు పోయిన రోజున పెరిగిందా, మనిషి మనిషికీ తేలుతుంది. తర్వాత డాక్టరుకు పనికొస్తుంది. ఆ తర్వాత ఊరికి పనికొస్తుంది. మూడు నెలలయ్యాక ఆ పుస్తకం చేతపట్టుకొని మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు రకాల పీల్చే మందులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. వాడే పద్ధతి నర్సమ్మ చేసి చూపించాలి.

రెండు. గాలిలో పొడి ఎంతో కొలిచి, పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. 2009 నాటి మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10 అనే పొడి 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నటి పీఎం 2.5 అయితే 60 మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు 45, 15 మాత్రమే.

మూడు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1కీ, డిసెంబరు 1కీ షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అవి ప్రజలు చూడదగ్గ పత్రాలు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 1981 గాలి కాలుష్య చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెడదాం. వినకపోతే చెన్నైలో హరిత ట్రిబ్యునల్ ఉంది.

నాలుగు. దుమ్ములో పనిచేసే కంట్రాక్టు కూలీలకు గుడ్డపేలిక కాకుండా సరైన మాస్కు, ఏటా ఊపిరి పరీక్ష, ఆ కాగితం కూలీ చేతికి.

అయిదు. పల్లంలో కట్టిన కాలనీ ఇళ్ళకు కిటికీ, పొగ పోయే దారి, నీళ్ళు పోయే కాలువ.

మిత్రులారా! 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవుదారు చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకొని తాగాడు. ఆ చెరువు నీళ్ళు పశువులు తాగొచ్చు, మనం తాగకూడదన్న రోజులవి. నీళ్ళను ఆపడానికి గట్టు మీద మనిషి నిలబడ్డాడు కాబట్టి, ఎవరితో కొట్లాడాలో ఆనాడు తెలిసింది. గాలిలో కలిసేదాన్ని ఎవరు కలుపుతున్నారో కంటికి కనపడదు. కనపడేట్టు చేయాలంటే రాయాలి. చదువు మనకు దక్కకుండా ఎందుకు చేశారో ఇప్పుడు అర్థమవుతా ఉండాదా? లెక్క రాసేవాడిని మోసం చేయడం కష్టం.

నోటు పుస్తకాలు అయిదు తెచ్చాం. అయిదు వీధులుండాయి. ఎవరు రాస్తారో ఇప్పుడే, ఈ అరుగు మీదే పేర్లు చెప్పండి. ఆడపిల్లలు ముందుకు రండి. రాత్రి ఎవరికి ఆయాసం వచ్చినా లేచి కూచునేది అమ్మలే, అక్కలే. వాళ్ళకు తెలిసినంత మగవాళ్ళకు తెలియదు. మళ్ళీ మూడు నెలలకు ఇక్కడే కూచొని, ఆ పుస్తకాలు విప్పి చదువుకుందాం.

జై భీమ్!